కోలిఫాం ‘లేదు’ అనే ముందు ఏ పోషక మాధ్యమంలో వెదికారో చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో, ఒక గ్రామంలో వాంతులు, విరేచనాలతో పలువురు ఆసుపత్రిలో చేరారన్న వార్త చదివాను. ఎంతమంది చేరారు, వైద్య శిబిరం ఎక్కడ పెట్టారు, ఏ అధికారులు వచ్చి చూశారు అన్నవన్నీ వివరంగా రాసి, చివర ఒకే ఒక్క వాక్యంలో ‘తాగునీటి నమూనాలను పరీక్షించగా కోలిఫాం బ్యాక్టీరియా లేదని తేలింది’ అని ముగించారు. ముప్పయ్యేళ్లకు పైగా నీటి పరీక్షశాలలో టెక్నీషియన్‌గా పనిచేసి విరమించిన నేను ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కోలిఫాంలంటే మనుషుల, పశువుల పేగుల్లోనూ, కొన్ని రకాలు మట్టిలోనూ ఉండే బ్యాక్టీరియా. నీటిలో కోలిఫాం ఉందని చెప్పడం సులువు; పరీక్ష గొట్టంలో రంగు మారుతుంది, బుడగ కనిపిస్తుంది, చెప్పేస్తాం. లేదని చెప్పడానికి మాత్రం చాలా పూచీ కావాలి. ఆ నీటిని ఏ మాధ్యమంలో, అంటే క్రిములను పెంచే ఏ తిండిలో పోశారో, ఆ మాధ్యమం ఆ రోజు పనిచేసే స్థితిలో ఉందో లేదో రుజువు చూపకుండా ‘లేదు’ అని రాస్తే ఆ మాటను నమ్మి ఎవరూ నీళ్లు తాగకూడదు. ఈ సంగతి పంచాయతీల వారికీ, పాఠకులకూ, ముఖ్యంగా వార్త రాసే విలేకరులకూ తెలియాలన్న ఆరాటంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

తాగునీటికి మన దేశంలో అమలులో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో కోలిఫాంలు గానీ, వాటిలో ముఖ్యమైన ఈ.కోలై గానీ కనిపించకూడదు. అరగ్లాసు నీటిలో ఒకటో రెండో ఉన్న కణాలను సూక్ష్మదర్శిని కింద చుక్క చుక్కగా వెదకడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని వాటికి నచ్చిన తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, అవి కోట్లకు కోట్లుగా పెరిగి తమ ఉనికిని తామే బయటపెట్టుకునే దాకా ఒకటి రెండు రోజులు కాచుకుంటాం. ఆ తిండినే పుస్తకాలలో పోషక మాధ్యమం అంటారు. పరీక్షశాలలో మేమంతా ‘మీడియా’ అనే అంటాం. పలుచగా ఉంటే బ్రాత్, గట్టిగా పేరుకుంటే అగార్. టైఫాయిడ్, కలరా వంటి జబ్బుల క్రిములను నేరుగా వెదక్కుండా కోలిఫాంలనే ఎందుకు వెదుకుతారని చాలామంది అడుగుతారు. జబ్బు క్రిములు నీటిలో ఎప్పుడో, ఏ కొద్దిగానో ఉంటాయి, వాటిని పెంచడం కూడా కష్టం. 1885లో జర్మన్ భాషలో రాసిన వైద్యుడు థియోడర్ ఎషెరిక్ పసిపిల్లల మలంలో గుర్తించిన ఈ.కోలై అలా కాదు, ప్రతి మనిషి పేగులోనూ, పశువుల పేగులోనూ కోట్ల సంఖ్యలో ఉంటుంది. అది నీటిలో కనిపించిందంటే మలం ఎక్కడో నీటిలో కలిసిందని అర్థం. మలం కలిసే దారి ఉన్నప్పుడు ఆ దారినే టైఫాయిడూ రావచ్చు.

నేను నా ఉద్యోగ కాలంలో లెక్కలేనన్ని సార్లు తయారుచేసినది మెకాంకీ బ్రాత్. ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ అనే శాస్త్రజ్ఞుడు 1900 ప్రాంతంలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, మురుగునీటి పారవేతపై ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం పనిచేస్తూ దీనికి రూపం ఇచ్చాడు. దీని వెనకనున్న ఆలోచన ఎంత చక్కనిదో ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ముచ్చట వేస్తుంది. పేగులో కాపురం ఉండే జీవికి పైత్యరసం కొత్త కాదు, దానిలోనే పుట్టి పెరుగుతుంది. మట్టిలోనూ గాలిలోనూ తిరిగే ఎన్నో ఇతర సూక్ష్మజీవులకు మాత్రం పైత్యం పడదు. కనుక మాధ్యమంలో పైత్య లవణాలు కలిపితే, పడనివి తలెత్తవు, పేగు జీవులు నిక్షేపంగా పెరుగుతాయి. తర్వాత, పెరిగిన వాటిలో కోలిఫాం ఏదో తెలియడానికి లాక్టోజ్ కలుపుతారు. ఇది పాలలో ఉండే చక్కెర. మనం పాలు తోడువేస్తే పులిసేది ఈ చక్కెర వల్లనే. కోలిఫాంలు లాక్టోజ్‌ను పులియబెట్టి ఆమ్లాన్నీ, వాయువునూ రెండింటినీ విడుదల చేస్తాయి. ఆమ్లం పుడితే మాధ్యమంలో కలిపిన బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు ఊదా నుంచి పసుపుకు తిరుగుతుంది. వాయువును పట్టడానికి గొట్టంలో ఇంకో చిన్న గాజు గొట్టాన్ని బోర్లించి ఉంచుతాం. 1898లో హెర్బర్ట్ డర్హామ్ అనే ఆయన చెప్పిన ఉపాయం కనుక దాన్ని డర్హామ్ గొట్టం అంటారు. మర్నాడు ఉదయం, గొట్టాలను వెచ్చగా ఉంచే పెట్టె అయిన ఇంక్యుబేటర్ తలుపు తీసి, పసుపు తిరిగిన గొట్టంలో ఆ చిన్న గొట్టపు కొసన ఆవగింజంత బుడగ నిలిచి ఉండటం చూస్తే, ఆ నీళ్లు ఏ ఊరివో ఆ ఊరి పిల్లల ముఖాలు నాకు కళ్ల ముందు కదిలేవి.

ఈ ఏర్పాటు అంతా, బ్రాత్ కలపడానికి డబ్బాలో వచ్చే పొడి బాగుంటేనే పనిచేస్తుంది. నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక వర్షాకాలంలో, ఒక కాలనీలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయని అక్కడి తాగునీటి బావి నుంచి నమూనా వచ్చింది. ఎప్పటిలాగే మెకాంకీ బ్రాత్ కలిపి, ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచి క్రిములు లేకుండా చేసి, నీరు పోసి, రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టాను. గొట్టాలన్నీ ఊదా రంగులోనే ఉన్నాయి, ఒక్కదానిలోనూ బుడగ లేదు. ‘కోలిఫాంలు లేవు’ అని నా చేతితోనే రాసి పంపాను. ఆ వారమే మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి, కాలేజీలో నేర్పినట్టుగా, అదే బ్యాచ్ బ్రాత్ ఉన్న ఒక గొట్టంలో మా దగ్గర పెంచి ఉంచిన ఈ.కోలై కల్చర్‌ను తీగతో వేసి పెట్టింది. ఎప్పుడో చేయడం మానేసిన పని అది. మర్నాడు ఆ గొట్టం కూడా కొద్దిగా మసకబారిందే కానీ రంగు తిరగలేదు, బుడగ రాలేదు. నూటికి నూరుపాళ్లు ఈ.కోలై వేసిన గొట్టమే ఏమీ చెప్పలేదంటే, బావి నీరు వేసిన గొట్టాలు ఏం చెబుతాయి? పొడి డబ్బా తెచ్చి చూశాం. మూత బిగువు పోయి ఉంది, లోపలి పొడి తేమ పీల్చి అంచులకు బెల్లం అచ్చులా అతుక్కుపోయి ఉంది, దాని మీద వేసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. అంతకు ముందు ఎన్నిసార్లు ఆ డబ్బాలో నుంచి గరిటెతో గీకి తీసుకున్నానో. కొత్త డబ్బా తెరిచి, ఆ బావి నీరు మళ్లీ తెప్పించి పరీక్ష చేస్తే మర్నాటి ఉదయానికల్లా ఐదు గొట్టాలూ పసుపు తిరిగాయి, ఐదింటిలోనూ డర్హామ్ గొట్టాలు పైకి తేలి ఉన్నాయి. నా మొదటి నివేదికకూ రెండో నివేదికకూ మధ్య ఆ కాలనీ వాళ్లు, సర్కారు పరీక్షలో బాగుందన్న ధైర్యంతో, అవే నీళ్లు తాగారు. ఆ అమ్మాయి పట్టించుకోకపోయి ఉంటే ఇంకా ఎన్నాళ్లు తాగేవారో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆనాటి నుంచి విరమించే రోజు వరకూ, ఇలా తెలిసిన ఈ.కోలై వేసి చూసే కంట్రోల్ గొట్టం పెట్టకుండా ఒక్క బ్యాచ్ కూడా నేను వాడలేదు.

తేమ ఒక్కటే కాదు, ఆటోక్లేవ్ చేయడంలోనూ తేడా వస్తుంది. 121 డిగ్రీల వద్ద, 15 పౌండ్ల ఒత్తిడిలో 15 నిమిషాలు చాలు. ఇంకాస్త ఉంచితే మంచిదే కదా అని అరగంట, ముప్పావుగంట వదిలేస్తే చక్కెర పాకం ముదిరినట్టు మాధ్యమం గోధుమ రంగుకు తిరుగుతుంది, లాక్టోజ్ పాడవుతుంది, దానితో పరీక్షకు ఉన్న ఆధారమే పోతుంది. ఇంకో తప్పు, చూడటానికి చిన్నది, ఫలితానికి పెద్దది. 10 మిల్లీలీటర్ల నీటిని 10 మిల్లీలీటర్ల బ్రాత్‌లో పోసినప్పుడు బ్రాత్ సగానికి పలుచబడుతుంది కనుక, ఆ గొట్టాలకు రెట్టింపు చిక్కదనంతో, అంటే డబుల్ స్ట్రెంగ్త్‌తో చేయాలి. తొందరలో అన్ని గొట్టాలకూ ఒకే బ్రాత్ పోసేస్తే పైత్యమూ లాక్టోజూ సగమే మిగిలి, పరీక్ష తన పట్టు కోల్పోతుంది. నీరు వేయకముందే డర్హామ్ గొట్టంలో గాలిబుడగ చిక్కుకుని ఉంటే, లేని కోలిఫాం ఉన్నట్టు చూపిస్తుంది. కరెంటు పోయి ఇంక్యుబేటర్ రాత్రంతా చల్లబడిపోయి ఉంటే, ఉన్న కోలిఫాం లేనట్టు చూపిస్తుంది. రాత్రి కరెంటు ఎంతసేపు పోయిందో ఎక్కడా రాయకుండా ‘48 గంటలు ఉంచితిమి’ అని రాస్తే ఆ 48 గంటలు నిజంగా 48 గంటలు కావు.

ఇప్పుడు ‘లేదు’ అన్న మాట గురించి లెక్కగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అధికారులు కూడా దీన్ని గమనించరు. బ్రాత్ గొట్టాల పద్ధతిలో ఫలితాన్ని ఎంపీఎన్ అంటారు, అంటే ఎన్ని గొట్టాలు పాజిటివ్ అయ్యాయో చూసి పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్లకు ఎన్ని ఉండవచ్చో అంచనా వేసే సంఖ్య. మామూలుగా ఐదేసి గొట్టాలలో 10, 1, 0.1 మిల్లీలీటర్ల చొప్పున నీరు వేస్తారు. మొత్తం కూడితే 55.5 మిల్లీలీటర్లు. ప్రమాణం 100 మిల్లీలీటర్లలో ఉండకూడదంటోంది, మనం పరీక్షించింది దాదాపు సగమే. పదిహేను గొట్టాలూ నెగెటివ్ అయితే పట్టిక ఇచ్చే జవాబు సున్నా కాదు, ‘1.8 కంటే తక్కువ’ అని. మురుగు ఎంత కలిసిందో తెలుసుకోవాల్సిన చెరువు నీటికి, కాలువ నీటికి ఈ పదిహేను గొట్టాల ఏర్పాటు బాగుంటుంది. శుద్ధిచేసి కుళాయిలో ఇచ్చే నీటికి మాత్రం ఒక సీసాలో 50, ఐదు గొట్టాలలో 10 చొప్పున వేసి పూర్తి 100 మిల్లీలీటర్లూ పరీక్షించాలి. ఈ రెండింటికీ పరీక్షశాలలో అయ్యే ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నివేదికలో మాత్రం ఏది చేశారో రాయకపోతే చదివేవారికి తెలిసే దారే లేదు.

బ్రాత్‌లో బుడగ రాగానే పని అయిపోయినట్టు కాదు. అది ప్రాథమిక దశ మాత్రమే. ఆ గొట్టంలో నుంచి కొసన వంచిన తీగతో, అంటే లూప్‌తో, కొంచెం తీసి బ్రిలియంట్ గ్రీన్ బైల్ బ్రాత్‌లో వేసి మళ్లీ వాయువు వస్తుందేమో చూడాలి. ఆ వచ్చిన కోలిఫాం మట్టిలోనూ, ఆకుల మీదా బతికే రకమా, లేక పేగు నుంచి వచ్చినదా అని తేల్చడానికి 44.5 డిగ్రీల వేడిలో ఉంచాలి; వేడి రక్తం గల జంతువుల పేగులో అలవాటుపడినవే ఎక్కువగా ఆ వేడిని తట్టుకుని లాక్టోజ్‌ను పులియబెడతాయి. ఇక్కడ ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా తీర్పు మారిపోతుంది కనుక, గాలితో వేడెక్కే మామూలు ఇంక్యుబేటర్ కంటే నీటి తొట్టెనే నమ్ముతాం. ఇయోసిన్, మిథిలీన్ బ్లూ అనే రంగులు కలిపిన ఈఎంబీ అగార్ ప్లేటు మీద గీసినప్పుడు ఈ.కోలై గుంపులు పచ్చటి లోహపు మెరుపుతో కనిపిస్తాయి. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్న జీరంగి రెక్కల మెరుపు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ ప్లేటును ఒకసారి చూసినవారు మరిచిపోరు. అన్నట్టు, అగార్‌ను పరీక్షశాలకు తెచ్చిన ఆలోచన ఒక వంటింటిది. క్రిముల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోహ్ పరీక్షశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెస్సె, మాధ్యమాన్ని గట్టిపరచడానికి అప్పట్లో వాడే జెలాటిన్ వేసవి వేడికి కరిగిపోతోందని వాపోతుంటే, జామ్‌లు గట్టిపడటానికి తాను వాడే అగార్‌ను వేసి చూడమని 1881లో ఆయన భార్య ఫానీ హెస్సె సలహా ఇచ్చింది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. సుమారు 85 డిగ్రీల పైన గానీ కరగదు, అందుకే మన ఎండల్లో కూడా ప్లేటు మీద గట్టిగా నిలుస్తుంది.

మాధ్యమం ఎంత మంచిదైనా దాని దగ్గరకు చేరే నీరు సరిగా రావాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. సీసాలో పట్టాక కూడా అది తన పని మానదు. కారులోనో, బస్సులోనో పరీక్షశాలకు వచ్చే ఆ కొన్ని గంటల్లో సీసాలోని కోలిఫాంలను చంపేస్తూనే ఉంటుంది. ఆ ఊరి కుళాయి దగ్గర తాగిన బిడ్డకు చేరిన క్రిమి, మన ప్లేటు దగ్గరకు చేరేసరికి ఉండదు. అందుకే నమూనా సీసాలో ముందుగానే సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరిలైజ్ చేయాలి. అది క్లోరిన్‌ను పట్టిన క్షణంలోనే నిర్వీర్యం చేస్తుంది. తాగేసిన మినరల్ వాటర్ సీసాలో పట్టి తెచ్చిన నమూనాలను ఎన్నిటినో నేను తిప్పి పంపాను, తిట్లు కూడా తిన్నాను. ఐస్ పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లోపు, ఏదేమైనా 24 గంటలు దాటకుండా మీడియాలో వేయాలి. ఇంకో సూక్ష్మం ఉంది. క్లోరిన్ దెబ్బ తిని చావకుండా గాయపడిన కోలిఫాంలు కొన్ని ఉంటాయి. పైత్యం, అధిక వేడి వాటికి తట్టుకోలేనివి కనుక అవి మెకాంకీలో గానీ, 44.5 డిగ్రీల్లో గానీ మొదట తలెత్తవు. కాసేపు తక్కువ వేడిలో, మృదువైన మాధ్యమంలో కోలుకోనిస్తే పెరుగుతాయి. క్లోరిన్ ఎక్కువగా వేసిన మర్నాడే పరీక్ష చేసి ‘లేదు’ అని తేల్చడంలో ఉన్న చిక్కు ఇది.

పొర వడపోత పద్ధతి వచ్చాక చాలా చిక్కులు తీరాయి. 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర గుండా పూర్తి 100 మిల్లీలీటర్లనూ పంపి, ఆ పొరను ప్లేటు మీద పరిస్తే, చిక్కిన ప్రతి కణమూ ఒక చుక్కగా పెరుగుతుంది, చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. గోదావరికి వరద వచ్చినప్పుడు ఎర్రమట్టి నీరు మాత్రం పొరను పూడ్చేస్తుంది, అప్పుడు మళ్లీ గొట్టాలే గతి. ఈమధ్య వచ్చిన ఎంజైమ్ మాధ్యమాలు ఇంకో అడుగు ముందున్నాయి. వాటిలో కోలిఫాం ఉంటే పసుపు రంగు వస్తుంది, ఈ.కోలై ఉంటే అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలుగుతుంది, అదీ 24 గంటల్లోనే. ధర ఎక్కువ. అయినా జిల్లా కేంద్రాల పరీక్షశాలల్లో, జబ్బు ప్రబలినప్పుడు వాడటానికైనా కొన్ని నిల్వ ఉంచాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ సమయంలో ఒక రోజు ముందు తెలియడం అంటే ఆ ఊరికి ఒక రోజు తక్కువ ముప్పు.

పల్లెల్లో మహిళల చేతికి ఇస్తున్న చిన్న సీసాల గురించి కూడా చెప్పాలి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని మార్గదర్శకాలున్నాయి. క్రిముల పరీక్షకు వారికి ఇచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే కలుషితమైన నీరు నల్లగా మారుతుంది. ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మంజా, మౌర్య, రావు 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో దీన్ని ప్రకటించారు. ఇంక్యుబేటర్ లేని ఊరికి ఇంతకన్నా సులువైన సాధనం లేదు, దాన్ని చేతబట్టి బోరింగుల దగ్గర తిరిగే ఆ చెల్లెళ్లంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఈ సీసా ఏం చెబుతుందో, ఏం చెప్పదో వారికి సరిగా చెప్పడం లేదు. ఈ.కోలై మామూలుగా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టించదు. సీసాను నల్లగా చేసేవి పేగులో దానితో కలిసి ఉండే సిట్రోబాక్టర్ వంటి ఇతర జీవులు. నేలలో సహజంగా సల్ఫైడ్ ఉన్న బోరు నీరు కూడా పోయగానే నల్లబడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, సీసాలోని జీవులు వేళకు పెరగాలంటే 30 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండటం మంచిది. కోస్తాలో మే నెలలో అరమరలో పెట్టినా సరిపోతుంది. లంబసింగి చుట్టుపక్కల డిసెంబరు రాత్రుల్లో అదే సీసాను కిటికీలో పెట్టి, 24 గంటలకు నల్లబడలేదు కనుక నీరు మంచిదని రాసుకుంటే అది పెద్ద పొరపాటు. చలికాలంలో సీసాను గుడ్డలో చుట్టి ఒంటికి ఆనించి ఉంచుకోవాలి, 48 గంటలూ, అవసరమైతే ఇంకా చూడాలి. నల్లబడిన సీసాలో క్రిములు లక్షల కొద్దీ పెరిగి ఉంటాయి కనుక, దాన్ని పిల్లలు తిరిగే చోట పారవేయకుండా బ్లీచింగ్ పౌడర్ ద్రావణం పోసి కాసేపు ఉంచి ఆ తర్వాతే వదిలించుకోవాలి. ఈ రెండు మాటలు శిక్షణ రోజున నొక్కి చెబితే చాలు.

2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో నీరు కలుషితమై అతిసారంతో ప్రాణాలు పోయాయి. ఇలాంటి ప్రతిసారీ జబ్బు ప్రబలిన తర్వాతే నమూనాల పరుగు మొదలవుతుంది. అప్పటికి ట్యాంకులో బ్లీచింగ్ దండిగా వేసి ఉంటారు, పైపుల్లో ఉన్న నీరు మారిపోయి ఉంటుంది. ఆ నీటిని పట్టి పరీక్షిస్తే కోలిఫాం లేకపోవడంలో వింతేమీ లేదు. నిన్న తాగిన నీటి గురించి అది ఒక్క ముక్క చెప్పదు. ఎంజైమ్ మాధ్యమమైనా 24 గంటలు, గొట్టాల పద్ధతి పూర్తిగా చేస్తే మూడు నాలుగు రోజులు పడుతుంది. అంతదాకా కాచుకోకుండా కుళాయి కొస దగ్గర, ట్యాంకు దగ్గర కాదు, మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉందేమో రోజూ చూడాలి. అది అప్పటికప్పుడు తెలిసే పరీక్ష. మీడియాలో చేసే పరీక్ష ఏడాదిలో కనీసం రెండుసార్లు, ఒకటి వానలకు ముందు, ఒకటి తర్వాత, జబ్బు లేని రోజుల్లో జరగాలి.

నేను అధికారులను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నీటి నివేదిక కాగితం మీద ఇప్పుడు ఫలితానికి ఒక్క గడి ఉంది. దాని పక్కనే, ఏ మాధ్యమం వాడారో, ఆ డబ్బా ఎప్పుడు తెరిచారో, దాని గడువు ఎప్పటిదో రాయడానికి చోటు ఇవ్వండి. ఎన్ని మిల్లీలీటర్ల నీరు వేశారో, ఎన్ని డిగ్రీల్లో ఎన్ని గంటలు ఉంచారో, మధ్యలో కరెంటు పోయిందో లేదో రాయించండి. నమూనా పట్టిన వేళ, మీడియాలో వేసిన వేళ, పట్టినప్పుడు నీటిలో ఉన్న క్లోరిన్ ఎంతో ఉండాలి. అన్నిటికన్నా పైన, అదే బ్యాచ్‌లో ఈ.కోలై వేసిన గొట్టం పెరిగిందా, ఏమీ వేయని గొట్టం ఏమీ పెరగకుండా ఉందా అన్న రెండు మాటలు ఉండాలి. ఈ.కోలై కల్చర్‌ను నెలకోసారి, గొట్టంలో వాలుగా పేరుకోనిచ్చిన కొత్త అగార్ మీదకు మార్చుకుంటూ ఏ చిన్న పరీక్షశాల అయినా ఉంచుకోవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక గొట్టం, కొంచెం అగార్, పది నిమిషాల పని. డబ్బా తెరిచిన తేదీని దాని మీదే పెన్నుతో రాసి, మూత బిగించి, ఎండిన చల్లని చోట పెట్టడానికి అదీ అక్కర్లేదు. కొన్ని మండలాల పరీక్షశాలల్లో ఒకే టెక్నీషియన్ రసాయన పరీక్షలూ, క్రిముల పరీక్షలూ, లెక్కల పుస్తకాలూ చూసుకుంటున్నారని నాకు తెలుసు. అటువంటి చోట అడ్డదారి పట్టేది మనిషి బద్ధకం వల్ల కాదు, చేతులు చాలక. కంట్రోల్ గొట్టం పెట్టడం తప్పనిసరి చేసినప్పుడు దానికి సరిపడా మనుషుల్ని కూడా ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఈసారి నీటి ఫలితం చెప్పే అధికారి దగ్గరకు వెళ్లినప్పుడు, ‘ఏ మీడియాలో చేశారు, ఎంత నీటికి చేశారు, కంట్రోల్ గొట్టం పెరిగిందా’ అని మూడు ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు వార్తలో రాయండి. గత వారం వార్తలోని ఆ గ్రామం విషయంలోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. నమూనాలు ఎప్పుడు పట్టారో, అప్పటికి ట్యాంకులో క్లోరిన్ వేసి ఉన్నారో, సీసాల్లో థయోసల్ఫేట్ ఉందో, పరీక్ష ఏ మాధ్యమంలో జరిగిందో కనుక్కుని మరో వార్త ఇస్తే, ఆ ఊరి వాళ్లు బిందె ఏ కుళాయి కింద పెట్టుకోవాలో వారికే తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
రాజమహేంద్రవరం.